పోరుమామిళ్ల చెరువు శాసనము

కడప మండలమందలి పోరుమామిళ్లలో, విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు 1369వ సంవత్సరమున వేయించిన సంస్కృత శాసనము, దాతృత్వప్రశస్తితో తృప్తిపడక, తటాకనిర్మాణశాస్త్రమును సైతము తనయందు పొదువుకొని యున్నది. ఉత్తమమగు చెరువునకు పండ్రెండు సాధనములు వలయునని చెప్పుచు, ధర్మపరుడగు రాజు సరసనే జలశాస్త్రము నెరిగిన విద్వాంసుని, గట్టి నేలను, తీయని నీటి నదిని, పనిలో నేర్పరులగు జనసమూహమును అది పేర్కొనుచున్నది. పాలకునికిని పండితునికిని పనివానికిని ఒకే వరుసలో స్థానమిచ్చిన ఈ దృష్టి నాకు మిక్కిలి గౌరవనీయముగ తోచును.

అంతకంటెను విలువైనది ఆరు దోషముల ప్రస్తావన: కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, ఇరురాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మిట్ట, కొద్ది నీటికి విస్తారమైన పొలము, విస్తారమైన నీటికి కొద్ది పొలము. తుది రెండును జలమునకును ఆయకట్టునకును ఉండవలసిన పొందికను గూర్చినవే. వానలు తరచు మొగము చాటుచేయు రాయలసీమలో ఏటేట అన్నము పుట్టవలెనన్న ఇంతకంటె మూలమైన లెక్క మఱియొకటి యున్నదా? సరిహద్దును దోషముగ నెంచుట నీటితగవుల నెరిగినవారి మాట.

దినదినము వేయిమంది కూలీలు కట్టపై శ్రమింపగా, తూము పనికి నూరు బండ్లు నడువగా, రెండేండ్లలో చెరువు పూర్తియయ్యెననియు, వెచ్చించిన ధనధాన్యములకు మితి లేదనియు ఆ శాసనమే తెలుపుచున్నది.