ఊరకుక్కల బెడద: చరిత్ర చెప్పే పాఠం



మన గొర్రెల కాపరులకు పులిభయం పోయి చాలా కాలమైంది. తోడేళ్ళు కూడా చాలా తావుల్లో కనిపించడం లేదు. ఇప్పుడు మందకు భయమంతా ఊరకుక్కలతోనే. నాలుగైదు కుక్కలు గుంపుగూడి, నడిరేయి దొడ్డి దడి దూకాయంటే, తినేది ఒక పిల్లనైతే కొరికి పారవేసేవి పది. తెల్లవారి జీవాలను లెక్క చూసుకొనే కాపరి కడుపుమంట ఇంతా అంతా కాదు. సరిగ్గా అటువంటి పూటనే ఎవరో ఒకరు వచ్చి సలహా చెబుతారు: "చచ్చిన గొర్రె మీద నాలుగు విషపు గుళికలు చల్లి పొలిమేరలో పారవెయ్యి, పీడ విరగడైపోతుంది" అని.

ఈ సలహా కొత్తది కాదు. కుక్కలను చంపి కుక్కల బెడద తీర్చుకోవాలని మన దేశంలో రెండు వందల యేండ్లుగా చూస్తున్నారు. అందువల్ల ఏమి జరిగిందో ఒక్కసారి తెలుసుకొని, ఆ తరువాత గుళికల డబ్బా మూత తీయాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.

కుక్కతో మన పొత్తు

కుక్క మనకు పరాయిది కాదు. ఆవుకంటే, గొర్రెకంటే ముందే మనిషి మచ్చిక చేసుకొన్న జంతువది. పశువుల బీళ్ళను కాపాడడానికి వేటకుక్కలతో తిరిగే వేటగాండ్రు ఉండాలని కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఉన్నది. కన్నడ దేశంలోని ఆతకూరులో 949-50 నాటి శిలాశాసనం ఒకటి దొరికింది. అడవిపందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్క ముచ్చట అందులో చెక్కి ఉన్నది. మన గొల్ల, కురుమ సోదరులు కొలిచే మల్లన్న కథల్లోనూ కుక్కకు చోటున్నది. "కుక్కను చంపిన పాపం గుడి కట్టినా పోదు" అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అయితే ఇంటి కుక్క వేరు, ఊరకుక్క వేరు. ఇంటి కుక్కకు కూడు పెట్టే చెయ్యి ఒకటుంటుంది. ఊరకుక్కకు కూడు పెట్టేది ఊరి దిబ్బ, ఊరి పొలిమేర. అక్కడ ఎంత తిండి పడి ఉంటే అన్ని కుక్కలు బతుకుతాయి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకొంటే ఇక ముందు చెప్పబోయే కథంతా తేలికగా అర్థమవుతుంది.

తలకు ఎనిమిదణాలు

కంపెనీవారి కాలంలో బొంబాయి పట్టణంలో కుక్కలు విపరీతంగా పెరిగాయి. ఏటా ఏప్రిల్ 15 నుండి మే 15 వరకు వీధికుక్కలను చంపవచ్చునని 1813లో ఒక నిబంధన చేశారు. 1832లో ఆ గడువును జూన్ 15 వరకు పొడిగించి, కుక్క తలకు ఎనిమిదణాలు బహుమానం పెట్టారు. ఆనాడు ఎనిమిదణాలంటే తక్కువ డబ్బు కాదు. ఆ ఆశకు కొందరు ఇళ్ళ ముందు పడుకొన్న పెంపుడు కుక్కలను కూడా పట్టుకుపోవడం మొదలుపెట్టారు. కరిచే కుక్క దొరకడం కష్టం, తోక ఊపేది దొరకడం సులభం కదా!

కుక్కను పవిత్రంగా చూసే పారశీకులు జూన్ 6వ తేదీన తిరగబడ్డారు. అంగళ్ళు మూతపడ్డాయి, సైన్యాన్ని పిలిపించవలసి వచ్చింది. ఆ తరువాత 1834లో అక్కడి షావుకార్లు దిక్కులేని జంతువుల కోసం పింజ్రాపోలు అనే శాల కట్టించారు. ఇన్ని గొడవలు జరిగినా బొంబాయిలో కుక్కలు మాత్రం లేకుండా పోలేదు.

మదరాసు కథ ఇంకా పెద్దది. పట్టి చంపే పని అక్కడ 1860లో మొదలైనదనీ, 1995 నాటికి రోజుకు 135 కుక్కలదాకా చంపవలసి వచ్చిందనీ ఆ నగరంలోని బ్లూక్రాస్ సంస్థవారు చెబుతారు. చంపడంవల్ల కుక్కలు తగ్గేమాటైతే, నూటముప్పయి యేండ్ల తరువాత రోజుకు ఒకటో రెండో చాలాలి. కాని లెక్క పెరిగింది! చచ్చిన కుక్క వదిలిన దిబ్బ మీదికి పక్క పేటనుండి మరొకటి వచ్చింది. పోటీ తగ్గి, మిగిలిన కుక్కల పిల్లలు ఎక్కువగా బతికాయి. కలుపు మొక్క తల తుంచి వేరు వదిలితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

1926లో అహమ్మదాబాదులో ఒక మిల్లు యజమాని పిచ్చి భయంతో 60 కుక్కలను చంపించినప్పుడు దేశమంతా వాదులాట రేగింది. గాంధీగారు యంగ్ ఇండియా పత్రికలో వరుసగా వ్యాసాలు వ్రాశారు. పిచ్చికుక్కను చంపడం తప్పనిసరి కావచ్చునని ఆయన ఒప్పుకొన్నారు. అంతకంటే పెద్ద మాట మరొకటి చెప్పారు. యజమాని లేని కుక్క వీధిన తిరగడం ఆ సమాజపు తప్పిదమనీ, ఒక రొట్టెముక్క విసిరి దయ చూపామనుకోవడం దయ కాదనీ ఆయన భావం. పెంచేవాడు పూర్తిగా పెంచవలె, బాధ్యత పడవలె అన్నదే ఆయన వాదన.

పిచ్చికాటు, టీకా

ఒకనాడు పిచ్చికుక్క కరిస్తే చావు రాసిపెట్టి ఉన్నట్టే. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేండ్ల బాలునికి మొదటిసారి టీకా వేసి కాపాడాడు. మన దేశంలో 1900లో కసౌలీలోనూ, 1907లో కూనూరులోనూ పాశ్చర్ సంస్థలు వెలిశాయి. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు రాజధానిలో ఉండేవి గనుక కూనూరు మనకూ దిక్కయినది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన టీకా గొర్రె మెదడునుండి తీసేవారు. కుక్క చంపే గొర్రెనుండే కుక్కకాటుకు మందు! బొడ్డు చుట్టూ పొడిచే ఆ పద్నాలుగు సూదులు మన పెద్దవాళ్ళకు బాగా జ్ఞాపకం. 2005 నాటికి ఆ టీకాను మానివేశారు. ఇప్పుడు చేతికి వేసే మంచి టీకాలు, తక్కువ సూదులతో వచ్చాయి. అయినా పిచ్చి లక్షణాలు పైకి వచ్చిన తరువాత మందు లేదన్న మాట ఈనాటికీ నిజమే.

రాబందులు పోయాక

ఇప్పుడు మన పల్లెల్లో కుక్కలెందుకు పెరిగాయో చెప్పే అసలు సంగతికి వద్దాం. ఒకప్పుడు ఊళ్ళో పశువు చస్తే పొలిమేరలో వేసేవారు. గంటల్లో రాబందుల గుంపు దిగి, ఎముకలు తప్ప ఏమీ మిగల్చకుండా శుభ్రం చేసేది. కుక్కలకు దక్కింది కొద్దిపాటి.

1990 తరువాత రాబందులు కళ్ళముందే రాలిపోయాయి. కారణమేమో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. పశువుల నొప్పులకు, వాపులకు వాడే డైక్లోఫెనాక్ అనే మందే దీనికి కారణమని 2004లో తేలింది. ఆ మందు వేసిన పశువు చచ్చి, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయేవి. 1992 మొదలు 2007 దాకా తెల్లనడుము రాబందులు వెయ్యింట 999 పోయాయని పరిశీలకులు లెక్కగట్టారు. ప్రభుత్వం 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. అటువంటివే అయిన ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ మందులను కూడా 2023లో నిషేధించింది.

రాబందులు పోయినా చచ్చిన పశువులు పడడం ఆగలేదు. ఆ తిండంతా కుక్కల పాలయింది. 1992 నుండి 2006 వరకు ఇందువల్ల దేశంలో కుక్కలు కనీసం 55 లక్షలు పెరిగి ఉంటాయనీ, పిచ్చికాటుతో అదనంగా 47 వేలకు పైగా మనుషులు చనిపోయి ఉంటారనీ 2008లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. పశువుకు పొడిచిన ఒక సూది చివరకు మనిషి ప్రాణం దాకా వచ్చింది.

ఇక గుళికల సంగతి. 2022 మార్చిలో అస్సాంలోని కామరూప్ జిల్లాలో ఒక మేక కళేబరాన్ని తిని సుమారు వంద రాబందులు ఒక్కచోట కుప్పకూలాయి. కుక్కల కోసం ఎవరో అందులో విషం పెట్టి ఉంటారని అనుమానించారు. కుక్కల తిండికి పోటీ వచ్చే పక్షులనే ఆ విషం చంపింది! మన తెలంగాణాలో బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్ళు బయటపడ్డాయి. అటువంటి చోట ఒక విషపు కళేబరం చాలు, గుట్ట ఖాళీ కావడానికి. పైగా ఆ విషం మీ కాపలాకుక్కనూ, వానకు కొట్టుకుపోయి కుంటలో నీళ్ళు తాగే మీ గొర్రెనూ కూడా వదలదు.

చట్టం ఏమంటున్నది

జంతువులను క్రూరంగా చంపడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. మదరాసు నగరం 1996లో చంపడం మాని, కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసే పద్ధతికి మారింది. 2001లో దేశమంతటికీ అదే పద్ధతి నియమంగా వచ్చింది. వాటి స్థానంలో 2023లో కొత్త నియమాలు వచ్చాయి. కుక్కలకు ఆపరేషను, పిచ్చి టీకా వేయించే బాధ్యత మునిసిపాలిటీలతోపాటు పంచాయతీల మీద కూడా ఉన్నది. ఒక ప్రాంతంలో నూటికి 70 కుక్కలకు టీకా పడితే అక్కడ పిచ్చి వ్యాధి నిలవదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అయితే ఈ పని పట్టణాలకు చేరినంతగా పల్లెలకు చేరలేదు. మనం అడిగి తెచ్చుకోవలసిందే.

మనం చేయగలిగినవి

2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో తెలంగాణా దేశంలో మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండవది. పోగొట్టుకోవడానికి మనకే ఎక్కువ ఉన్నది. కనుక ఈ పనులు చేయండి.

చచ్చిన జీవాన్ని ఆరుబయట వేయకండి. బీమా ఉన్నదైతే పశువైద్యునికి చూపించి, కాగితం తీసుకొని, నిలువెత్తు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. ఈనిన గొర్రె మావినీ, కోళ్ళఫారాల్లో చచ్చిన కోళ్ళనూ దిబ్బ మీద వేస్తే కుక్కలకు మీరే పిలుపు పంపినట్టు. మాంసం అమ్మేవారి వ్యర్థాలను పూడ్చే ఏర్పాటు పంచాయతీ చేయవలె.

పొలంలో మంద కట్టినప్పుడు చుట్టూ వల గట్టిగా బిగించి, అడుగున సందు లేకుండా చూడండి. చిన్నపిల్లలను నడిమధ్య గూటిలో వేసి, దీపం ఉంచి, మనిషి కాపలా పెట్టండి. మీరు పెంచే కుక్కకు ఏటా టీకా వేయించి, రాత్రి పూట వదలకండి. పగలు మీ ఇంట తోక ఊపేదే రాత్రి పొరుగువాని మంద మీద పడవచ్చు.

పశువు నొప్పులకు సూది అవసరమైతే "మెలాక్సికామ్ వేయండి" అని పశువైద్యుని అడగండి. అది రాబందులకు హాని చేయదని తేలింది.

కుక్క కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసరు, కారం, సున్నం పెట్టవద్దు. అదేరోజు ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరు చెప్పిన సూదులన్నీ తప్పక వేయించుకోండి. కరిచింది పశువునైతే ఆలస్యం చేయక పశువైద్యునికి చెప్పండి. చొంగ కారుస్తూ, తూలుతూ, అడ్డమైన వస్తువునల్లా కరిచే కుక్క కనిపిస్తే పిల్లలను లోపలికి పిలిచి, పంచాయతీకి, పశువుల ఆసుపత్రికి కబురు పంపండి.

గ్రామాల్లో పనిచేసే విస్తరణ ఉద్యోగులు ఒక గ్రామసభలో ఈ సంగతి ఎత్తి, చచ్చిన జీవాలను పూడ్చే స్థలం ఒకటి, కుక్కలకు టీకా వేసే రోజు ఒకటి నిర్ణయింపజేస్తే చాలు. రెండు వందల యేండ్లుగా కుక్కల మీద పడ్డ దుడ్డుకర్రలు చేయలేని పని, పొలిమేరలో తవ్విన ఒక్క గొయ్యి చేయగలదు.