చూరు కింది బంతి నారు

దసరా నాడు గుమ్మానికి కట్టిన బంతి దండ ఎండిపోయినా చాలా ఇళ్ళల్లో తీసి పారెయ్యరు. అందులో ఓ పువ్వు విప్పి చూడండి. సూదుల్లా సన్నటి నల్లటి విత్తులు, ఒక్కోదాని కొసన గడ్డిరంగు కుచ్చు. ఖమ్మం దాటి భద్రాచలం వైపు అడవి అంచు ఊళ్ళల్లో వచ్చే ఏటి బంతికి ఆ దండే విత్తనం. హైబ్రిడ్ పూలైతే మాత్రం తల్లిపువ్వు పోలిక రాదు.

మన దసరాలో, బతుకమ్మలో ఇంతగా కలిసిపోయిన బంతికి పుట్టిల్లు మెక్సికో. అక్కడి అజ్టెక్కులు దాన్ని 'ఇరవై పువ్వు' అనేవారు, అన్నేసి రేకులుంటాయని. ఈనాటికీ నవంబరులో చనిపోయినవాళ్ళను తలుచుకునే పండక్కి మెక్సికోలో గడప గడపకూ బంతే. యూరప్ వాళ్ళ ఓడలెక్కి సముద్రాలు దాటి మన తోరణంలో కుదురుకుంది.

విత్తునూ మొక్కనూ కాచుకుని పెంచే పద్ధతి బంతి మన దేశానికి రావడం కంటే చాలా పాతది. క్రీ.శ. 14 నుంచి 37 దాకా రోమును ఏలిన టైబీరియస్‌కు రోజూ దోసజాతి కాయ కావాలట. తోటమాలులు చక్రాల మళ్ళల్లో తీగలు పెంచి, పగలు ఎండకు తోసి, చలి ముదిరితే పారదర్శకమైన రాతి పలకల కిందికి చేర్చేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మన వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే బృహత్సంహితలో విత్తును పాలలో నానబెట్టి, పేడలో దొర్లించి నాటమన్నాడు.

రోమువాళ్ళ బెడద మంచు. మన బెడద వాన. ఆరుద్ర కార్తెలో ఆరుబయట పోసిన నారుకు ఒక్క జడివాన చాలు, విత్తనంతో సహా కొట్టుకుపోవడానికి. మిగిలింది కోళ్ళు గీకేస్తాయి. అందుకే ఇక్కడ నారు వసారాలోనో, చూరు కిందో. పాత గంపలో మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, పిడికెడు బూడిద. విత్తు మీద గోరంత మందాన మట్టి చాలు. నాలుగో రోజు నుంచి వారం లోపు జంట ఆకులు లేస్తాయి. అసలాకు తొడిగాక వేళ్ళతో కాస్త నలిపితే పువ్వు లేకుండానే బంతి వాసన! నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అది.

నీళ్ళు ఎక్కువైతే నారుకుళ్ళు పట్టుకుంటుంది. కాడ మట్టి దగ్గర మెత్తబడి, పొద్దుటికి మొలకలన్నీ ఒరిగిపోతాయి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపాలి. నీరు నిలవనివ్వకపోవడం అంతకన్నా మేలు.

ఖమ్మం మిర్చి సీమ కదా, ఇప్పుడు షేడ్‌నెట్ల కింద 98 గుంతల ప్రోట్రేలలో కొబ్బరి పొట్టు నింపి మిరప నారు పెంచుతున్నారు. బంతి నారుకూ అదే తీరు సరిపోతుంది. వేరు చెదరకుండా మొక్క చేతికొస్తుంది.

నాలుగు వారాల నారును ఒక్కసారిగా ఎండలో పెట్టరు. రోజుకో గంట చొప్పున అలవాటు చేస్తారు. అప్పటికి జూలై చివర, భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగుల మొదటి ప్రమాద హెచ్చరిక వైపు ఎగబాకే రోజులు. లంక పొలాలవాళ్ళు గంపను ఇంకో వారం చూరు కిందే ఉంచి, నీరు తీశాక నాటుకుంటారు.