ఇచ్చిన మాట ఎవరికి?

1938. మద్రాసు రాజధానిలో రాజాజీ ప్రభుత్వం నడుస్తోంది. ఆరోగ్యశాఖ చూస్తున్న టి.ఎస్.ఎస్. రాజన్ స్వయంగా డాక్టరు. ఎల్.ఎం.పి. డిప్లొమా చదువులు ఇక చాలు, డాక్టరు కావాలంటే ఎం.బి.బి.ఎస్. చదవాల్సిందేనని ప్రభుత్వం తేల్చింది. ఆ కబురుతో రాయవేలూరులో అమెరికా మిషనరీ డాక్టర్ ఐడా స్కడర్ నడుపుతున్న ఆడపిల్లల వైద్య పాఠశాలకు తాళం పడే రోజు కనుచూపు మేరలోకి వచ్చింది. అప్పటికి ఆమెకు 67 ఏళ్లు.

1918లో ఆ బడి తెరుస్తానంటే, ముగ్గురు దరఖాస్తు పెట్టినా గొప్పేనన్నాడు ఒక దొర. 151 మంది పెట్టారు. ఇప్పుడు దాన్ని కళాశాల చెయ్యాలి. పెద్ద డిగ్రీలున్న ప్రొఫెసర్లు కావాలి, ల్యాబులు కావాలి, పడకలు పెంచాలి. వీటన్నిటికీ డబ్బెక్కడిది? దారి ఒకటుంది. మగపిల్లల్నీ చేర్చుకుంటే మిగతా క్రైస్తవ మిషన్లు చేయి కలుపుతాయి, మనుషుల్నీ సొమ్మునూ ఇస్తాయి.

చిక్కంతా ఆ దారిలోనే ఉంది.

వేలూరు గోడల్లో ఉన్నది అమెరికా ఆడవాళ్ల సొమ్ము. 1920ల మొదట్లో లూసీ పీబాడీ అనే ఆవిడ ఊరూరా తిరిగి, ఆసియాలోని మహిళా కళాశాలల కోసం 20 లక్షల డాలర్లు పోగుచేశారు. దానికి రాక్‌ఫెల్లర్ల నిధి మరో 10 లక్షలు కలిపింది. అందులో వేలూరుకూ వాటా దక్కింది. చర్చిల్లో ఆడవాళ్లు ఆ చందా ఇచ్చింది ఆడపిల్లల చదువుకని. ఐడాకు పీబాడీ దాత మాత్రమే కాదు, ఏళ్ల తరబడి అండగా నిలిచిన స్నేహితురాలు.

అసలు ఆ బడి ఎందుకు పుట్టిందో తెలియాలంటే గుడియాత్తం రోడ్డెక్కాలి. వేలూరు నుంచి 30 కిలోమీటర్ల పైచిలుకు. 1909లో ఐడా చేతికి ఒంటి సిలిండరు ప్యూజో కారొచ్చింది. వారం వారం గుడియాత్తం వెళ్తుంటే దారి పొడుగునా చెట్ల కింద జనం కాచుకుని ఉండేవారు. ఆమె కారాపి, పుండ్లు కడిగి, మందిచ్చి ముందుకు సాగేవారు. మగ డాక్టరు చెయ్యి వెయ్యడం కన్నా చావే నయమనుకునే ఇళ్లు అప్పట్లో ఎన్నో. అందుకే ఆడ డాక్టర్లను తయారుచేసే బడి పెట్టారు. అలాంటి బడిలోకి మగపిల్లల్ని రానిస్తే మొదటి మాటకే ఎసరు కదా?

పీబాడీ పట్టు అదే. మగపిల్లలకు చదువుకునే చోట్లు బోలెడున్నాయి. ఆడవాళ్ల పేరు చెప్పి తెచ్చిన సొమ్ము వాళ్లకే చెందాలి. నాకైతే ఆవిడ తప్పు కనపడదు. ఈనాటి ఆడిటరైనా దీన్ని నిధుల మళ్లింపు అనే రాస్తాడు.

1941లో ఐడా చందాల కోసం అమెరికా వెళ్లారు. వాదన వేలూరు బాగోగులు చూసే అక్కడి బోర్డు ముందే జరిగింది. ఇక్కడ గుట్టుగా మార్చేసి, ఉత్తరంలో తర్వాత చెప్పుకోలేదామె. స్వచ్ఛంద సంస్థ నడిపేవాళ్లకు ఇదే అన్నిటికన్నా కష్టమైన పని అని నా అభిప్రాయం: అన్నం పెట్టిన చేతికి ఎదురుగా నిలబడి, నీ షరతు ఇక చెల్లదు అని చెప్పడం. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువు ఆడపిల్లలతోనే మొదలైంది. ఉమ్మడి కళాశాల వైపు ఐడా మొగ్గారు. పీబాడీ మొగ్గలేదు. ఆ స్నేహం అక్కడ తెగింది.

1947లో మగపిల్లలు అడుగుపెట్టారు. మగవాళ్లొస్తే పెత్తనం వాళ్లదే అవుతుందన్న భయం ఉండనే ఉంది. కానీ ఆ తర్వాత కొద్దికాలానికే కళాశాల పగ్గాలు తొలిసారి ఒక భారతీయురాలి చేతికొచ్చాయి. ఆవిడ మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్.