బళ్లారి మీదుగా వచ్చిన టపా



నేను ముప్పది సంవత్సరములకు పైగా తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. ఆ కాలమున పిల్లలకు జెప్పిన పాఠము లనేకములు నాకు జ్ఞప్తియందు లేవు. చెప్పలేకపోయిన సమాధాన మొక్కటి మాత్రము నేటికిని మరపునకు రాలేదు. దానిని గూర్చియే నేడు మీకు మనవి చేయుచున్నాను.

1989వ సంవత్సరమున అనంతపురము జిల్లాలో నొక పల్లెటూరి పాఠశాలయందుంటిని. చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడు సెలవులో నుండుటచే ఆనాటి తరగతి నాకప్పగించిరి. పాఠము మనదేశమున విమానముల రాకను గూర్చినది. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన, కరాచీ నుండి మద్రాసు వరకు విమానపు టపా ప్రారంభమైనదనియు, జె.ఆర్.డి. టాటాగారు స్వయముగా విమానము నడిపి కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరిరనియు చదివి వినిపించితిని. వెనుకబల్ల మీది పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ! ఆయన బొంబాయిలో దిగిపోయినారు గదా. మద్రాసు దాకా టపా ఎవరు మోసినారు?" అని యడిగెను.

వాని తండ్రి మా యూరికి టపా తెచ్చు మనిషి. మండల కేంద్రము నుండి దినదినమును సైకిలుమీద సంచి పెట్టుకొని వచ్చెడివాడు. కావుననే ఆ ప్రశ్న వానికి తోచినది; నాకు తోచలేదు. సమాధానము నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. "అది పరీక్షలో రాదు, కూర్చోరా" అంటిని. వాడు కూర్చుండెను.

ఆ సమాధానమును నేను చాలకాలమునకు తెలిసికొంటిని. బొంబాయి నుండి ఆ టపాను గైకొని మద్రాసునకు విమానము నడిపినవాడు నెవిల్ విన్సెంటు. అంతియే కాదు, ఆ మార్గమును మొదట మనసున గీచుకొన్నవాడును ఆయనయే.

ఆనాటి స్థితి యెట్లుండెనో చూతము. 1929వ సంవత్సరము మార్చి 30వ తేదీన లండను నుండి కరాచీకి విమానపు టపా మొదలైనది. ఏడుదినములలో ఉత్తరము ఖండములు దాటి కరాచీలో దిగుచుండెను. దిగిన పిదప మాత్రము బొంబాయికిగాని మద్రాసునకుగాని పోవలెనన్న మరల పొగబండియే శరణ్యము. కరాచీలో తెగిన ఆ త్రోవను మద్రాసు దాక అతికింపవలెనని విన్సెంటు తలచెను.

ఆయన బ్రిటిషు వైమానిక దళమున పనిచేసి, పశ్చిమాసియా ఎడారులలో విమానములు నడిపి, శౌర్యపతకము నందిన యోధుడు. కొలువు విడిచిన పిదప మరియొక సహచరునితో గూడ మన దేశమునకు వచ్చి, యుద్ధకాలపు పాతవిమానములతో ఊరూర దిగుచు, రుసుము గైకొని జనులను కొంతసేపు ఆకసమున త్రిప్పుచుండెను. ఆ సంచారములోనే యీ దేశపు మైదానములను, కొండలను, ఋతువులను ఎరింగెను. అనుభవము కలదు, ఆలోచన కలదు, ధనము లేదు. అందుచే టాటాల యింటి తలుపు తట్టెను. ఆ యింట జె.ఆర్.డి. టాటా 1929వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీననే, మనదేశమున విమానము నడుపుటకు మొదటి అనుమతిపత్రము నందిన యువకుడు. ఇరువురకును మాట కుదిరెను. సంస్థకు పెద్దయైన దొరాబ్జీ టాటాగారు మొదట వెనుదీసినను, వారి సలహాదారు జాన్ పీటర్సన్ నచ్చజెప్పగా అంగీకరించిరి.

అంతటితో కార్యము నెరవేరలేదు. ప్రభుత్వము ధనసహాయము చేయుటకు సమ్మతింపలేదు. విన్సెంటు పథకమును మార్చి మరల సమర్పించెను. తుదకు, సహాయధనము వలదు, మోసిన టపా తూకమునకు కూలి యిచ్చిన చాలునని యొప్పుకొనగా 1932లో ఒప్పందము కుదిరినది. ఇట్లు మూడేండ్లు గడచెను. ఎడారిలో శత్రువు నెదుర్కొనుటకు వలసిన ధైర్యమొకటి. కచేరీ వాకిట మూడేండ్లు ఓర్పుతో నిలుచుటకు వలసిన ధైర్యము మరియొకటి. రెండవది పతకములు తెచ్చునది కాదు.

ఆ విమానము పేరు పస్ మాత్. ఒక రెక్కలపురుగు పేరు దానికి పెట్టిరి. ఒకటే యంత్రము, గంటకు నూరుమైళ్ల ప్రాంతపు వేగము. అందు రేడియో లేదు. నేలమీదివారితో మాటలాడు సాధనమేదియు లేదు. యంత్రము నిలిచెనా, క్రింద చదునైన చేను కనబడుటయే భాగ్యము. అహమ్మదాబాదులో దానికి వలసిన పెట్రోలును డబ్బాలలో ఎడ్లబండిమీద తోలుకొనివచ్చిరి. ఆకాశమున బోవు బండికి నేలబండి మేత తెచ్చినదన్నమాట! బొంబాయిలో దిగినచోటు జుహూ సముద్రతీరపు బురదనేల. వానకాలమున నీట మునుగుటచే ఆ నెలలలో పూనాకు తరలవలసివచ్చెడిది.

అట్టి జుహూలో జె.ఆర్.డి. టాటా దిగి, టపాను విన్సెంటునకు అప్పగించెను. విన్సెంటు పడమటి కనుమలు దాటి, దక్కను పీఠభూమి మీదుగా బళ్లారి మజిలీ చేరి, అచ్చటినుండి మద్రాసునకు టపాను చేర్చెను. బళ్లారి నాడు మద్రాసు రాజధానిలోనిది. 1953లో మైసూరు రాష్ట్రమున కలిసినది. నాటకకళకు పేరుగాంచిన రాఘవగారి ఊరుగా మనవారికి సుపరిచితము.

ఇట్టి చిన్న మజిలీలో నేలమీద పనిచేయువాని బాధ్యత యెంతటిదో యోచింపుడు. విమానము వచ్చువేళకు మైదానములోని పశువులను తోలించవలెను. గాలి యెటు వీచుచున్నదో తెలుపు గుడ్డసంచిని కొయ్యకు కట్టియుంచవలెను. పెట్రోలులో నీటిచుక్కయైనను చేరకుండ పలుచని తోలుతో వడగట్టి పోయవలెను. సంచులు తూచి, ముద్రలు సరిచూచి, లెక్క వ్రాయవలెను. ముందరి ఊరి వాన, మబ్బుల సమాచారమును తంతిద్వారా తెలిసికొని చెప్పవలెను. వీనిలో నేదియొకటి తప్పినను పైనున్నవాని ప్రాణమునకు ముప్పు. ఆకాశయానము ఆకాశముననే జరుగునని మనమనుకొందుము. సగము నేలమీదనే జరుగును.

మా తాతగారు ఆ రోజులలో పొలమున నుండగా విమానము ధ్వని వినిపించెడిదనియు, కూలీలందరు నడుములెత్తి చూచెడివారనియు చెప్పుచుండిరి. బళ్లారి నుండి మద్రాసునకు ఋజువుగా గీత గీచిన అది మా జిల్లా మీదుగనే పోవును. టపా తొలుదొల్త వారమున కొకమారు మాత్రమే. "అదుగో, సీమ ఉత్తరాల పక్షి" యని పిలిచెడివారట. పక్షిని చూచినవారు వేలమంది. దానికి దారి చూపినవాని పేరు మా తాతగారెరుగరు; చదువుకొన్న నేనును ఎరుగనైతిని.

ఆ చిన్న యత్నము ఫలించినది. తొలి సంవత్సరమున ఆ విమానములు 1,60,000 మైళ్లు తిరిగి, 155 మంది ప్రయాణికులను మోసి, 60,000 రూపాయల లాభము తెచ్చినవి. వైమానిక శాఖను నడపు భారము వహించినవారిలో విన్సెంటు ముఖ్యుడు. మార్గములు తిరువనంతపురమునకు, ఢిల్లీకి పెరిగినవి. 1938లో హైదరాబాదు, మద్రాసుల మీదుగా కొలంబో వరకు సాగినవి. అంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. మన దేశముననే విమానములు నిర్మింపవలెనను సంకల్పముతో విన్సెంటు ఇంగ్లండునకు పోయెను. 1942లో తిరిగివచ్చుచుండగా ఆయన యెక్కిన యుద్ధవిమానము ఫ్రాన్సు తీరసమీపమున కూలినది. ఆయనకు నలువది యేండ్ల ప్రాయము. తాను మొలిపించిన మొక్క 1946లో ఎయిరిండియా యను పేరు దాల్చుట ఆయన చూడలేదు. అది 1953లో ప్రభుత్వపరమై, 2022లో మరల టాటాలను చేరినది.

అయ్యలారా, ఇట్టి మనిషి పూర్తిగా మరుగున పడిపోకుండుటకు కారణమెవరు? ఆయనతో కూడ పనిచేసిన జె.ఆర్.డి. టాటాగారే. తొలి విమానయానమునకు ముప్పదియేండ్లు నిండిన 1962లో ఒకమారును, ఏబదియేండ్లు నిండిన 1982లో తన 78వ యేట మరియొకమారును, ఆయన ఆ కాలపు చిన్న విమానమునే తాను నడుపుకొనుచు కరాచీ నుండి బొంబాయికి వచ్చిరి. కీర్తియంతయు తనపైననే వ్రాలుచుండగా, ఆ పథకమునకు మూలపురుషుడు విన్సెంటని చెప్పుట మానలేదు.

మీరు విరాటపర్వము వినియుందురు. గోవులను మరల్చి ఉత్తరుడు వచ్చుచున్నాడని విని విరాటరాజు పొంగిపోయి కుమారుని పొగడెను. బృహన్నల సారథిగా నుండగా జయము కలుగక మానునా యని కంకుభట్టు పలికి దెబ్బతినెను. అప్పుడు ఉత్తరుడు, ఈ గెలుపు నాది కాదని తండ్రియెదుట నిజము చెప్పెను. టాటాగారు ఉత్తరునివలె బెదరినవారు కారు. ఆయన నడిపిన విమానము ఆయన నడిపినదే. నేను పోల్చునది ఆ నిజము పలికిన గుణమును మాత్రమే. తనకు దక్కిన పొగడ్తలో తోటివాని పాలెంతయో చెప్పుట యుద్ధమున గెలుచుటకంటె కష్టము.

మా గురువులు తర్కసంగ్రహము చెప్పునపుడు, ఆప్తవాక్యము ప్రమాణమనిరి. ఆప్తుడనగా ఉన్నది ఉన్నట్లు చెప్పువాడు. ఒక మనిషి పనిని గూర్చి ఆప్తుడెవడు? బంధువు ప్రేమచే పెంచి చెప్పును. అధికారి కాగితములో నున్నది చెప్పును. ప్రక్కన నిలిచి అదే బరువు నెత్తినవాడు మాత్రమే బరువెంతయో చెప్పగలడు. సహోద్యోగి నోట వెలువడిన స్మృతి చరిత్రకు మూలధనము. అది నోటనే నిలిచిపోయిన, మనిషితో గూడ కాలిపోవును.

క్రిందటి సంవత్సరము ఆ పల్లెకు పోయితిని. ఆనాటి పిల్లవాడు నేడు ఆ యూరి తపాలా కార్యాలయముననే పనిచేయుచున్నాడు, తలయు నెరయుచున్నది. తండ్రి గతించెను. నేను కూర్చుండి, "నాయనా, నీవడిగిన ప్రశ్నకు జవాబు తెచ్చితిని" అని విన్సెంటు కథ ఆమూలాగ్రముగా జెప్పితిని. వాడు శ్రద్ధగా విని, కొంతసేపూరకుండి, "మంచిది మాస్టారూ. మరి బళ్లారిలో ఆయనకు పెట్రోలు పోసినదెవరు?" అనెను.

ఈమారు నేను కూర్చోమనలేదు. "నాకు తెలియదు నాయనా" అంటిని. వాడు నవ్వి, మజ్జిగ తెప్పించెను.

పెద్దలారా! మీ గ్రామమున సైన్యములో పనిచేసినవారు, రైలునో, టపానో, కాలువనో కనిపెట్టుకొని బ్రతికినవారు నేటికిని కొందరుందురు. వారితో పనిచేసినవారును ఉందురు. ఒక సాయంకాలము వారికడ కూర్చుండి, తమ తోటివారిని గూర్చి చెప్పుమని యడుగుడు. విన్నది సంవత్సరముతోను, పేర్లతోను ఒక పుస్తకమున వ్రాసి, బడిలో నుంచుడు. ఏ పిల్లవాడో లేచి ప్రశ్నించునాడు, ఆ పంతులు నావలె సిగ్గుపడకుండును.

సెలవు.