మత్తులో వాహన, పడవ చోదనం: ముద్దాయి తరఫు వాదం

మద్యం తాగి మోటారు వాహనాన్ని గాని, పడవను గాని నడిపారన్న అభియోగాన్ని కోర్టులో ఎదుర్కొనే వాదన ఇది. 44వ జాతీయ రహదారి పెన్నా నదిని దాటే అనంతపురం జిల్లా పామిడిలో రోడ్డు చట్టానికే పని ఎక్కువ. ఏడాదిలో ఎక్కువ కాలం నది ఇసుక మేటగానే ఉంటుంది.

తొలి దశ: 1860 నాటి శిక్షాస్మృతిలో 279వ సెక్షను రోడ్డు మీద, 280వ సెక్షను నీటి మీద నిర్లక్ష్య చోదనాన్ని నేరంగా పేర్కొన్నాయి. తనకు తెలియకుండా గాని, ఇష్టానికి విరుద్ధంగా గాని ఎవరో మత్తు ఎక్కించగా, చేసే పనేమిటో తెలియని స్థితికి చేరినవారికి 85వ సెక్షను రక్షణ ఇచ్చింది.

పరీక్షల యుగం: బచూభాయ్ కర్యానీ కేసు (1971)లో సుప్రీంకోర్టు స్పష్టమైన తీర్పు చెప్పింది. రక్తం, మూత్రం పరీక్షించకుండా నోటి వాసన, తూలే నడక, తడబడే మాట ఆధారంగా తాగాడని నిర్ధారించలేమన్నది దాని సారాంశం. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. 1994 సవరణతో 185వ సెక్షనులో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు అనే పరిమితి చేరింది. దాంతో వాదన అంతా కొలత చుట్టూ తిరగసాగింది. శ్వాస పరీక్ష పరికరం సరిగా పనిచేసిందా, వారంటు లేకుండా అరెస్టయిన వ్యక్తికి 202వ సెక్షను ప్రకారం రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరిగిందా అన్నవి ముఖ్య ప్రశ్నలయ్యాయి. తగిన కారణం లేకుండా పరీక్షకు నిరాకరిస్తే 205వ సెక్షను ముద్దాయికే ఎదురు తిరుగుతుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి తొలి నేరానికి 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, రెండూ గాని ఉంటాయి. డ్రైవరు తాగి ఉన్నంత మాత్రాన పోలీసులు వాహనాన్ని స్వాధీనం చేసుకోరాదని, లైసెన్సు ఉండి తాగని తోడు మనిషికి అప్పగించాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పు మెచ్చదగినది.

విహార వాహనాలు: రోడ్డెక్కే కారవాన్‌కు 185వ సెక్షను వర్తిస్తుంది. ఆవరణ లోపల మాత్రమే తిరిగేలా తయారైన ప్రత్యేక వాహనాలను చట్టంలోని నిర్వచనం మినహాయించింది. కాబట్టి రిసార్టు బండి కేసులో ముందు తేలవలసింది ఆ బండి మోటారు వాహనమా కాదా అన్నదే.

పడవలు: 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 280వ సెక్షను స్థానంలో 282 వచ్చింది. అందులో మద్యం ప్రస్తావన గాని, కొలత గాని లేవు. సరంగు తాగాడని చూపితే చాలదు, ప్రాణాపాయం గాని, గాయం గాని కలిగేలా నిర్లక్ష్యంగా పడవ నడిపాడని ప్రాసిక్యూషను రుజువు చేయాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో జరిగిన కచ్చులూరు ప్రమాదం తర్వాత, 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొమ్మిది బోటు కంట్రోల్ రూములు తెరిచి సిబ్బందికి శ్వాస పరీక్షలు నిర్దేశించింది. ఇది మేలైన ముందడుగు.

రోడ్డు మీదైనా, నీటి మీదైనా సకాలంలో సక్రమంగా జరిపిన పరీక్షే నేరస్థుణ్ణి పట్టిస్తుంది, నిర్దోషిని కాపాడుతుంది.