హైస్కూలు దశలో ఉన్నత ఆంగ్ల పదసంపద: మధ్యశ్రేణి పదాల ప్రాధాన్యం

పదో తరగతి ముగించే విద్యార్థికి ఎంత ఆంగ్ల పదసంపద ఉండాలి, అది ఏ రకమైన పదసంపద కావాలి అన్న ప్రశ్నకు తెలుగునాట రెండు సమాధానాలు తరచుగా వినిపిస్తాయి. పాఠం చివర ఇచ్చిన కఠినపదాల అర్థాలను కంఠస్థం చేస్తే చాలునని ఒకటి. విదేశీ ప్రవేశపరీక్షల కోసం అచ్చయిన అరుదైన పదాల జాబితాలను వీలైనంత ముందుగా మొదలుపెట్టాలని మరొకటి. ఈ రెండింటి నడుమ, అన్ని శాస్త్రాల పుస్తకాల్లోనూ పదేపదే ఎదురవుతూ, ప్రత్యేకించి నేర్పేవారు అరుదుగా ఉన్న పదాల శ్రేణి ఒకటి ఉంది. హైస్కూలు ముగిసేలోగా సాధించవలసిన ఉన్నత పదసంపదకు ఆ శ్రేణే ఆధారమని, దాన్ని ఆరో తరగతి నుంచి క్రమంగా పెంపొందించడానికి ఆంగ్ల పఠనంతో పాటు గట్టి తెలుగు చదువు కూడా అవసరమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదసంపదను కొలిచేటప్పుడు పరిశోధకులు పదాలను విడివిడిగా కాక పదకుటుంబాలుగా లెక్కించడం పరిపాటి. ఒక మూలపదం, దాని వచన, కాల భేదాల రూపాలు, ప్రత్యయాలు చేరి ఏర్పడిన రూపాలు కలిస్తే ఒక పదకుటుంబం అవుతుంది. అనలైజ్, అనాలిసిస్, అనలిస్ట్, అనలిటికల్ అన్న నాలుగూ ఒకే కుటుంబానికి చెందినవి. న్యూజిలాండ్‌కు చెందిన భాషాబోధన శాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో ప్రకటించిన లెక్క ప్రకారం, నవలలు, వార్తాపత్రికల వంటి ముద్రిత రచనల్లో నూటికి 98 పదాలు తెలిసి ఉండాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు, మాట్లాడే భాషను అదే మేరకు అందుకోవాలంటే 6,000 నుంచి 7,000 పదకుటుంబాలు కావాలి. 98 శాతం అంటే 250 పదాల పుటలో ఐదు పదాలు మాత్రమే తెలియకపోవడం. 95 శాతానికి దిగితే అదే పుటలో పన్నెండు, పదమూడు పదాలు అడ్డుపడతాయి. అప్పుడు ఒక పదానికి అర్థం ఊహించడానికి ఆసరాగా నిలవవలసిన పక్కపదాలే తెలియనివి కావడంతో సందర్భాన్ని బట్టి గ్రహించే వీలు తగ్గిపోతుంది. ఆంగ్లం మాతృభాష కాని పిల్లలకు పాఠ్యపుస్తకం ఒకచోట సులభంగా సాగి, మరొకచోట ఉన్నట్టుండి అంతుపట్టకుండా పోవడానికి ఇదొక ముఖ్య కారణం.

పదాలను ఎంపిక చేసి వరుసక్రమంలో నేర్పాలన్న ఆలోచన భారతదేశంతో గట్టిగా ముడిపడినది. అవిభక్త బెంగాల్‌లో, ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైఖేల్ వెస్ట్, బెంగాలీ విద్యార్థి చదువు మధ్యలో ఆపేసినా అతనికి మిగిలే లాభం చదవగలిగే శక్తేనని గుర్తించి, 1926లో వెలువరించిన తన ద్విభాషా అధ్యయనంలో పఠనానికి పెద్దపీట వేశాడు. పరిమిత పదాలతో ఆయన రాసిన వాచకాలకూ, 1953లో దాదాపు 2,000 మూలపదాలతో వెలువడిన సాధారణ వినియోగ పదావళికీ బీజం ఆ కృషిలోనే ఉంది. ఆ 2,000 దాటిన తరువాత ఏమిటన్న ప్రశ్నకు 2000 సంవత్సరంలో పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ సమాధానం చెప్పింది. కళలు, వాణిజ్యం, న్యాయం, విజ్ఞానశాస్త్రం అన్న నాలుగు రంగాల నుంచి సేకరించిన దాదాపు 35 లక్షల పదాల రచనలను పరిశీలించి, వెస్ట్ పట్టికలో లేనివీ, అయినా నాలుగు రంగాల్లోనూ విరివిగా కనిపించేవీ 570 పదకుటుంబాలని తేల్చి, వాటిని విద్యావిషయక పదావళిగా కూర్చింది. అస్యూమ్, డిరైవ్, ఇంటర్‌ప్రెట్, సిగ్నిఫికెంట్, కాన్‌సెప్ట్, ఎస్టిమేట్ వంటివి ఈ కోవలోవి. శాస్త్రగ్రంథాల్లో దాదాపు పది శాతం పదాలు ఈ 570 కుటుంబాలవే అయితే, కథాసాహిత్యంలో వాటి వాటా 1.4 శాతం మాత్రమే. ఈ రెండో అంకెకు ఇంకా ఎక్కువ శ్రద్ధ దక్కవలసి ఉంది. కథల పుస్తకాలు చదివించడం భాషాభిమానానికీ ధారాళతకూ ఎంతో మేలు చేసినా, పై చదువులకు కావలసిన పదాలు కథల్లో చాలినన్ని సార్లు ఎదురు కావని అది తెలియజేస్తోంది.

అమెరికా విద్యావేత్తలు ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్, లిండా కుకన్ 2002లో చేసిన విభజన ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. వారి లెక్కలో మొదటి శ్రేణి ఇంటా బయటా వినిపించే మాటలు. మూడో శ్రేణి ఒక్కొక్క శాస్త్రానికే పరిమితమైన పారిభాషిక పదాలు. రెండో శ్రేణి అన్ని శాస్త్రాల్లోనూ ఆలోచనను నడిపించే పదాలు. ఈ వ్యాసంలో మధ్యశ్రేణి అని వ్యవహరిస్తున్నది ఈ రెండోదాన్నే. మూడో శ్రేణిలోని ఫోటోసింథసిస్‌ను జీవశాస్త్రం ఉపాధ్యాయుడు నిర్వచించి, బొమ్మ గీసి, పరీక్షలో అడిగి నేర్పుతాడు. కానీ ఆ పాఠంలోనే వచ్చే రిక్వైర్, ఆకర్, వేరీ, ఇండికేట్ అన్న పదాలను ఆయన ఆంగ్ల ఉపాధ్యాయుడి పనిగా తలచి విడిచిపెట్టవచ్చు. ఆంగ్ల వాచకంలో కథలు, కవితలు, జీవితచిత్రణలు ప్రధానమైనప్పుడు ఆంగ్ల ఉపాధ్యాయుడికి అవి తారసపడే అవకాశమే తక్కువ.

తెలుగు పిల్లల విషయంలో ఈ లోటుకు మరో పార్శ్వం ఉంది. వాడుక తెలుగులో ఆంగ్లపదాలు విస్తారంగా ఉన్నందువల్ల బడిలో చేరేనాటికే పిల్లలకు మొదటి శ్రేణి పదాలు కొన్ని పరిచయమై ఉంటాయి. అయితే తెలుగు ఆంగ్లక్రియను తీసుకునే తీరు ప్రత్యేకమైనది: మూలరూపాన్ని కదలకుండా ఉంచి, దానికి చేయు, అవు వంటి తెలుగు క్రియలను చేర్చుకుంటుంది. డిసైడ్ చేయడం, అడ్జస్ట్ కావడం తెలిసిన పిల్లవాడికి డెసిసివ్, అడ్జస్టబుల్ అన్న రూపాలు తెలిసి ఉండాలనేమీ లేదు, ఎందుకంటే ఆ రూపాల పనిని ఇంట్లో తెలుగు ప్రత్యయాలే చేసిపెడతాయి. పదకుటుంబంలో ఒక్క సభ్యుడితో పరిచయం ఉన్నంత మాత్రాన కుటుంబమంతా తెలిసినట్టు భావించడం వల్ల, తెలుగు విద్యార్థి ఆంగ్ల పదజ్ఞానాన్ని పెద్దలు ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో సంభాషణ సామర్థ్యాన్నీ, చదువుకు కావలసిన భాషాసామర్థ్యాన్నీ వేరుచేసి చూపినది ఈ పొరపాటునే: మొదటిది త్వరగా అలవడుతుంది, రెండోదానికి ఏళ్లు పడుతుంది.

కమిన్స్ అదే ఏడాది ప్రతిపాదించిన పరస్పరాధార సిద్ధాంతం తెలుగువారికి మరీ ముఖ్యమైనది. ఒక భాషలో చదువు ద్వారా గట్టిపడిన భావనలు మరో భాషలోకి బదిలీ అవుతాయని దాని సారాంశం. విశ్లేషించు, నిర్వచించు, సమర్థించు, పర్యవసానం, ప్రమాణం వంటి మాటలు తెలుగు పిల్లలకు కూడా ఇంట్లో అబ్బేవి కావు. వాటిలో అధికభాగం తత్సమాలు, బడిలో పుస్తకం ద్వారా నేర్చుకునేవి. అంటే తెలుగుకు కూడా తనదైన మధ్యశ్రేణి ఉంది. ఒక అభిప్రాయాన్ని సమర్థించడం అంటే ఏమిటో తెలుగు పాఠంలో అలవరచుకున్న విద్యార్థి జస్టిఫై అన్న పదం ఎదురైనప్పుడు కొత్త పేరు మాత్రమే నేర్చుకుంటాడు. తెలుగులో ఆ పని ఎన్నడూ చేయనివాడు పేరునూ భావననూ ఒకేసారి, అదీ సగం తెలిసిన భాషలో, నేర్చుకోవలసి వస్తుంది. తెలుగును తగ్గిస్తే ఆంగ్లం పెరుగుతుందన్న నమ్మకం ఈ కారణంగా తప్పు. తెలుగు మధ్యశ్రేణి బలహీనపడిన చోట ఆంగ్ల మధ్యశ్రేణికి పునాది దొరకదు.

ఇక అరుదైన పదాల జాబితాల సంగతి. అమెరికా చదువులకు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థుల్లో బారన్స్ సంస్థ ప్రచురించిన పదజాబితా ఒక తరానికి నిత్యపారాయణ గ్రంథం. వ్యతిరేకార్థాలు, పోలికల జంటలు అడిగే పరీక్షలు ఉన్నంతకాలం ఆ శ్రమకు ఫలితం దక్కింది. అయితే అక్కడి కళాశాల ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో వ్యతిరేకార్థాల ప్రశ్నలను 1994లో, పోలికల ప్రశ్నలను 2005లో తొలగించారు. 2016 నుంచి పదాన్ని వాక్యసందర్భంలో పరీక్షించే పద్ధతి వచ్చింది. పీజీ చదువుల ప్రవేశపరీక్ష జీఆర్ఈ కూడా 2011లో ఆ రెండు రకాల ప్రశ్నలనూ విడిచిపెట్టింది. పరీక్షలే వదులుకున్న పద్ధతిని హైస్కూలు పిల్లలపై రుద్దడం సమర్థనీయం కాదు. నార్మన్ లూయిస్ 1949లో రచించిన వర్డ్ పవర్ మేడ్ ఈజీ మాత్రం, ధాతువులను ఆధారం చేసుకుని పదాలను గుంపులుగా పరిచయం చేస్తుంది కనుక, ఇంటర్మీడియట్ నాటికి ఉపయోగపడే పుస్తకమే.

కంఠస్థం చేయడాన్నే నిరసించడం కూడా సరికాదు. పదకోశాన్ని వల్లె వేయడం తెలుగు విద్యాసంప్రదాయంలో అనాదిగా ఉన్నదే: మూడు కాండల అమరకోశం, తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం పిల్లల నోట నిలిచిన గ్రంథాలు. అమరంలో ఒక వస్తువుకున్న పేర్లన్నీ ఒకేచోట శ్లోకబద్ధంగా ఉంటాయి. ఆధునిక ప్రయోగాలు ఈ అమరికకు ప్రతికూలంగా కనిపిస్తాయి. థామస్ టింకమ్ 1993లో, రాబ్ వేరింగ్ 1997లో చూపినదాన్ని బట్టి, పరభాషలో దగ్గరి అర్థంగల పదాలను, లేదా ఒకే వర్గానికి చెందిన పదాలను ఒకేసారి నేర్చుకుంటే అవి ఒకదానితో ఒకటి కలగాపులగమై ఆలస్యంగా అబ్బుతాయి. టింకమ్ 1997లో చేసిన మరో పరిశీలనలో, ఒకే సన్నివేశంలో ఇమిడే పదాలు సులభంగా పట్టుబడ్డాయి. అయినా అమరం ఫలించిందంటే దానికి కారణం తరువాతి మెట్టులో ఉంది. ఛందస్సు పదాలకు వరుసను ఇచ్చింది. ఆ వెంటనే విద్యార్థి రఘువంశం వంటి కావ్యం పట్టినప్పుడు వల్లె వేసిన ప్రతి పదమూ దాని వాక్యంలో ఎదురై, గురువు చెప్పే అన్వయంతో స్థిరపడింది. నేటి ఆంగ్ల పదజాబితాకు అటువంటి కావ్యపఠనం వెన్నంటి లేదు. ధారణ అనే సగభాగాన్ని నిలుపుకుని ప్రయోగమనే మిగతా సగాన్ని వదిలేయడమే అసలు దోషం.

ఇదే సంప్రదాయం అందించే మరో సాధనం ఉపసర్గలు. సంస్కృతంలో ఇరవై రెండు ఉపసర్గలు ధాతువుకు ముందు చేరి అర్థాన్ని మారుస్తాయని, ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం ఒకే ధాతువు నుంచి పుట్టాయని వ్యాకరణం చదివిన తెలుగు విద్యార్థికి చెప్పనవసరం లేదు. ఆంగ్ల మధ్యశ్రేణి పదాల్లో అధికభాగం లాటిన్, గ్రీకు మూలాలవి కనుక అవీ ఇదే పద్ధతిలో ఏర్పడ్డాయి: మోయు అనే అర్థంగల లాటిన్ ధాతువు నుంచి ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, రిపోర్ట్, సపోర్ట్ వచ్చాయి. తెలుగు ఉపాధ్యాయుడూ ఆంగ్ల ఉపాధ్యాయుడూ ఒకే వారంలో ఈ రెండు పాఠాలను పక్కపక్కన చెప్పగలిగితే కలిగే ప్రయోజనం ఏ జాబితా వల్లా కలగదు. ధాత్వర్థం నుంచి వాడుక అర్థం దూరంగా జరిగిన పదాలూ ఉన్నాయి కాబట్టి, ఈ పద్ధతి అర్థాన్ని ఊహించడానికి తోడ్పడుతుందే గాని నిఘంటువు అవసరాన్ని తొలగించదు.

పఠనం వల్ల పదాలు వాటంతట అవే వస్తాయన్న వాదానికి బలమైన ఆధారం ఫిజీ దీవుల్లో లభించింది. వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ 1983లో ప్రకటించిన అధ్యయనంలో, గ్రామీణ పాఠశాలల నాలుగు, ఐదు తరగతులకు ఆసక్తికరమైన ఆంగ్ల కథల పుస్తకాలు 250 చొప్పున అందించగా, ఆ పిల్లల పఠనశక్తి పాఠ్యక్రమంతోనే సాగిన పిల్లల కంటే ఎంతో వేగంగా పెరిగింది. మరోవైపు, వేరింగ్, మిసాకో తకాకి 2003లో జపాన్ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, ఒక సులభ వాచకం చదివిన మూడు నెలలకు పరీక్షించిన 25 పదాల్లో సగటున ఒక్కదాని అర్థం మాత్రమే గుర్తుంది. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి ఖండించవు. పుస్తకాలు విరివిగా ఉన్నప్పుడు పదం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఒక్క పుస్తకంతో ఆగితే మరుపు గెలుస్తుంది. హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే మరుపు తొలి గంటల్లో, తొలి రోజుల్లో అత్యంత వేగంగా ఉంటుందని చూపాడు. అందువల్ల కొత్తపదాన్ని మర్నాడు, వారానికి, నెలకు విరామమిస్తూ జ్ఞాపకం చేసుకోవడం, అదీ అర్థాన్ని తిరిగి చదవడం ద్వారా కాక చూడకుండా చెప్పడం ద్వారా, పఠనానికి తప్పనిసరి తోడు.

ఈ పని సాధ్యమేనా అన్నది లెక్క తేల్చవలసిన విషయం. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు నిర్దేశించింది. పదో తరగతి దాకా అదే లెక్క వేసుకుంటే ఐదేళ్లలో 1,100 రోజులు. రోజుకు ఐదు పదకుటుంబాల చొప్పున 5,500. అందులో సగం మరిచిపోయినా, తొలి 2,000 సామాన్యపదాల మీద కాక్స్‌హెడ్ చెప్పిన 570 నిలదొక్కుకుని, ఇంకా కొంత మిగులుతుంది. నేషన్ చెప్పిన 8,000కు ఇది చేరకపోవచ్చు. కానీ మధ్యశ్రేణి చేతికి వచ్చిన విద్యార్థి ఇంటర్మీడియట్‌లో నిఘంటువు తోడుతో ఆంగ్ల గ్రంథాన్ని చదువుకోగలడు. తక్కిన పదాలను ఆ చదువే తెచ్చిపెడుతుంది.

ఇందుకు కావలసిన ముఖ్య సాధనం రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లో ఇప్పటికే ఉంది. ఆంగ్లమాధ్యమ విస్తరణతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. వీటిని మాధ్యమం మారిన కాలానికి తాత్కాలిక ఊతంగా మాత్రమే చూడడం వాటి విలువను తగ్గించడమే. సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం పాఠాల్లో ఎదురెదురుగా నిలిచిన విశ్లేషణ, అనాలిసిస్; ఆధారం, ఎవిడెన్స్ వంటి జంటలను విద్యార్థి చేత గుర్తింపజేసి, రెండు భాషల్లోనూ సొంత వాక్యాలు రాయించి, నెల తరువాత చూడకుండా చెప్పించడానికి అదనపు పుస్తకమేదీ అవసరం లేదు. ఆ బాధ్యతను ఆంగ్ల ఉపాధ్యాయుడికి వదిలేయక గణిత, విజ్ఞాన, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు కూడా పంచుకోవాలి. ద్విభాషా పుస్తకాలను మధ్యలో ఆపకుండా పదో తరగతి చివరిదాకా కొనసాగించేలా రెండు రాష్ట్రాల విద్యాశాఖలు నిర్ణయం తీసుకోవాలి.