లోర్నా సింప్సన్

లోర్నా సింప్సన్ (జననం 1960) అమెరికన్ కళాకారిణి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. 1985లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి ఎంఎఫ్ఏ పట్టా అందుకున్నారు. ఫొటోకు మాటలు జోడించే పద్ధతితో మొదట పేరొచ్చింది. 1988 నాటి ‘స్టీరియో స్టైల్స్’లో పది పోలరాయిడ్ ఫొటోలున్నాయి. పదింటిలోనూ కనిపించేది తల వెనకవైపే. జుట్టు ముడి మారుతుంది గానీ ముఖం మాత్రం ఎక్కడా చూపించరు.

తర్వాత ఆమె కొలాజ్‌లూ చేశారు. వాటికి ముడిసరుకు పాత ‘ఎబోనీ’, ‘జెట్’ పత్రికలు. షికాగోకు చెందిన జాన్సన్ పబ్లిషింగ్ సంస్థ నల్లజాతి పాఠకుల కోసం 1945లో మొదటిదాన్ని, 1951లో రెండోదాన్ని మొదలుపెట్టింది. తెల్లవారి ఫ్యాషన్ పత్రికలు నల్లజాతి స్త్రీల వైపు కన్నెత్తి చూడని రోజులవి. సవరాలు, క్రీములు, గౌన్ల ప్రకటనల్లో నవ్వుతున్న మోడళ్లను సింప్సన్ కత్తిరించి తీసుకుంటారు. ముఖాన్ని ఉన్నదున్నట్టే ఉంచి, జుట్టు ఉండాల్సిన చోట నీలి, ఊదా సిరాను పారనిస్తారు. ‘ఎర్త్ అండ్ స్కై’ వరుసలోనైతే సిరాకు బదులు భూగర్భశాస్త్ర పుస్తకంలోని ఖనిజాల బొమ్మలు కిరీటాల్లా నిలబడతాయి. సరుకు అమ్మడానికి అచ్చయిన ముఖానికి ఇంత హుందాతనం రావడం ఆశ్చర్యమే. కొన్నింట్లో వెటకారమూ లేకపోలేదు.

ఫ్యాషన్ లోకం ఆమెను వెతుక్కుంటూ వచ్చింది కూడా. 2021లో ‘ఎసెన్స్’ పత్రిక ముఖచిత్రం కోసం గాయని రిహానాను ఇదే తీరులో కొలాజ్‌గా మలిచారు. పాత పత్రికలతో చేసిన కొలాజ్‌లు అంతకుముందే, 2018లో, పుస్తకంగా వచ్చాయి. ఇటీవల ఆమె చిత్రలేఖనం వైపు మళ్లారు. 2025లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆ చిత్రాలను ప్రదర్శించింది.